దివాను కోసిన కొమ్మ

తిరపమ్మ తన పెరట్లో రెండేళ్ళు సాకిన నలభై గులాబీ మొక్కలను దివాను భద్రయ్య మనుషులు వేళ్ళతో సహా తవ్వి పట్టుకుపోయారు. ఆమె రాజుగారికి మొరపెట్టుకుంది. రాజుగారు దివాను పెరట్లోకే వచ్చి నిలబడ్డారు.

"ఇవి నేను నా చేత్తో నాటి పెంచినవి ప్రభూ," అన్నాడు దివాను. "తమ ముందు అబద్ధమాడినవాళ్ళ కుడిచెయ్యి తీయించడం మన సంస్థానంలో ఆచారం."

రాజుగారి వెంట వచ్చిన తలారి కత్తి దూశాడు. తిరపమ్మ వెళ్ళి ఒక మొక్క ముందు కూర్చుంది.

"దొరా, దీనికి రెండు కొమ్మలున్నాయి. పూతకాలం రాకముందే పనికిరానిది తీసెయ్యాలి. పెంచిన చెయ్యి ఆయనదే కదా, ఆయన్నే తియ్యమనండి."

దివాను వంగి చూశాడు. ఒక కొమ్మ పచ్చగా, ఏపుగా ఉంది. రెండోది సన్నగా, నీరసంగా ఉంది. ఆ సన్నదాన్ని మొదలంటా కోసి అవతల పారేశాడు.

తిరపమ్మ దాన్ని ఏరుకుని, కొంగు తడిపి అందులో చుట్టుకుంది.

"గులాబీ ఇది దొరా. అడవి ముళ్ళమొక్క మీద దీన్ని అంటు కట్టాను. ఆయన ఉంచింది అంటు కిందనుంచి మొలిచిన ఆ ముళ్ళకొమ్మని."

రాజుగారు మొక్క మొదట్లో ఉన్న అంటు మచ్చను వేలితో తడిమారు. తలారి కత్తి దివాను వైపు తిరిగింది.

"తెలిసి తెలిసి నీ మొక్కని ఎలా కోయనిచ్చావు?" అని అడిగారు రాజుగారు తిరపమ్మని.

"మళ్ళీ అంటు కట్టుకుంటాను దొరా," అంది తిరపమ్మ, "చెయ్యి మిగిలింది కదా."