దిగిపోయిన ముల్లు

తమ్ముడు ఏడుపు మానేశాడని ఓబులేసు సంతోషపడ్డాడు.

కొంతకాలం కిందట తమ్ముడు మద్దిలేటి నడుపుతున్న లారీ కింద ఒక బడిపిల్ల పడి చనిపోయింది. తప్పు అతనిది కాదని పోలీసులే రాసుకున్నారు. అయినా అతను మళ్ళీ లారీ ఎక్కలేదు. నంద్యాలలో అన్న పనిచేసే మెకానిక్ షెడ్డుకు రోజూ వచ్చి, పాత టైర్ల మీద కూర్చుని, ఆ పిల్ల జడ రిబ్బను ఏ రంగో చెప్పి చెప్పి ఏడ్చేవాడు. పనివాళ్ళ ముందు ఓబులేసుకు తల కొట్టేసినట్టుండేది.

"మీసమున్నోడివి, ఏందిరా ఈ శోకాలు? ఇంకోసారి ఏడ్చినావంటే ఈ షెడ్డు తొక్కొద్దు," అని ఒకరోజు అందరి ముందూ అనేశాడు.

మద్దిలేటి ఆ తర్వాత ఏడవలేదు.

ఏడ్చేవాడి నోరు మూయించడానికి పెద్ద బలం అక్కర్లేదు. కానీ ఓబులేసు దాన్ని తన బలమే అనుకున్నాడు.

ఆ ఉదయం మద్దిలేటి నున్నగా గడ్డం గీసుకుని వచ్చాడు. చేతి గడియారం విప్పి అన్న చేతిలో పెట్టాడు. "పిల్లోనికియ్యి అన్నా," అన్నాడు. టీ తాగమంటే వద్దని వెళ్ళిపోయాడు.

గడియారం జేబులో వేసుకుని ఓబులేసు పనిలో పడ్డాడు. పని ఒక కారుది. దాని డ్రైవరు శేషప్ప పక్కనే నిలబడి ఉన్నాడు. దారిలో ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా లేచిందట. కాసేపటికి దానంతటదే అడుగుకు దిగిపోయిందట. చల్లబడిందనుకుని తోలుకొచ్చాడు. అప్పటి నుంచి ఎంత నడిపినా ముల్లు లేవడం లేదు.

ఇంజను చల్లారేదాకా ఆగి, ఓబులేసు సెన్సరు వైరు పీకి బాడీకి తాకించాడు. ముల్లు ఎగిరి ఎర్రగీతను కొట్టింది. అంటే మీటరు బాగుంది, వైరు బాగుంది. పాడయింది సెన్సరే. దాన్ని విప్పి కొత్తది బిగించి, ఇంజను స్టార్టు చేశాడు.

ఎంతసేపు ఆడించినా ముల్లు కదల్లేదు.

"కొత్త కోడలికీ అత్త బుద్ధే వచ్చినట్టుంది," అని శేషప్ప నవ్వాడు.

ఓబులేసుకు రోషం వచ్చింది. ఇంజనును అలాగే ఆడనిచ్చి, ఇంకో సెన్సరు కోసం అంగడికి ఫోను చేయబోయాడు.

అప్పుడే మధ్యాహ్నం నమాజు ముగించుకుని హుస్సేన్ పీరా వచ్చాడు. షెడ్డు ఆయనదే. ఓబులేసుకు పని నేర్పింది ఆయనే. వాకిట్లోనే ఆగి మాడు వాసన పీల్చాడు.

"ముందు ఇంజను ఆపు."

"ముల్లు అడుగునే ఉంది కదా ఉస్తాద్."

"ఆపమన్నానా?"

ఆపాడు. ముసలాయన నీళ్ళ కుండలో చెయ్యి ముంచి ఇంజను హెడ్డు మీద రెండు చుక్కలు విదిలించాడు. అవి చుయ్యిమని ఎగిరిపోయాయి. మచ్చ కూడా మిగల్లేదు.

"పాత సెన్సరు విప్పినప్పుడు నీ చెయ్యి తడిసిందా?"

ఓబులేసు తన చెయ్యి చూసుకున్నాడు. సెన్సరు విప్పితే ఆ రంధ్రంలోంచి నీళ్ళు చిమ్మాలి. చిమ్మలేదు. చొక్కా తడవనందుకు అప్పుడు సంతోషించాడు కూడా.

"లేదు ఉస్తాద్."

హుస్సేన్ పీరా వంగి, కింద చీలిపోయిన రబ్బరు పైపును చూపించాడు. "సెన్సరు నీళ్ళ వేడి చెప్పేది. నీళ్ళే లేకుంటే ఏం చెప్తుంది?"

శేషప్ప నవ్వు పోయింది. బకెట్టు ఎత్తి రేడియేటర్లో నీళ్ళు పోయబోయాడు. ముసలాయన అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంత వేడి మీద చల్లనీళ్ళా? హెడ్డు పగుల్తుంది. ఆరనీ."

ఓబులేసు తల దించుకున్నాడు. "ధ్యాస పనిమీద లేదు ఉస్తాద్. పొద్దున తమ్ముడొచ్చినాడు. దారికొచ్చేసినాడు. గడ్డం గీసుకున్నాడు. గడియారం కూడా నా కొడుక్కిచ్చి పోయినాడు."

హుస్సేన్ పీరా చేతులు తుడుచుకోవడం ఆపాడు.

"ఏడ్చినాడా?"

"ఒక్క చుక్క లేదు. అరుపు లేదు, ఆ పిల్ల మాట లేదు. అంతా..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఓబులేసు కారు వైపు చూశాడు. చేతిలోని పానా కింద పడింది.

తమ్ముడికి ఫోను చేశాడు. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

"శేషప్పా, ఆ మోటారుసైకిలు తియ్యి," అన్నాడు హుస్సేన్ పీరా. వెనక కూర్చుంటున్న ఓబులేసు భుజం నొక్కాడు. "పోయి అరవద్దు. పక్కన కూర్చో."

మద్దిలేటి ఇంటి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పిలిస్తే పలకలేదు. ఇద్దరూ భుజాలతో కొట్టి తలుపు ఊడదీశారు.

మద్దిలేటి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో లారీ లోడు కట్టే తాడు ఉంది. అన్నను చూసి కూడా అతని ముఖం మారలేదు.

ఓబులేసు నోటి దాకా ఎన్నో మాటలు వచ్చాయి. ఒక్కటీ అనలేదు. తాడు తీసి శేషప్పకిచ్చి, పక్కన కూర్చుని, తమ్ముడి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

ఇంట్లోకి వచ్చిన ఎండ గోడ దాకా జరిగింది.

"పచ్చ రిబ్బను అన్నా," అన్నాడు మద్దిలేటి.

"చెప్పు," అన్నాడు ఓబులేసు.

ఓబులేసు చెయ్యి తడిసింది.