పడవలాటకు తొమ్మిదిన్నర

వంద ఆటల జాబితాలో తొంభై తొమ్మిదింటి మార్కులు ఖాయమయ్యాయి. ఒక్కదాని దగ్గర మృణాళిని చెయ్యి ఆగిపోయింది.

ఆమె హైదరాబాదులో ఒక వెబ్ పత్రికకు వీడియో గేముల సమీక్షలు రాస్తుంది. పత్రిక పెట్టి పదేళ్లయిందని, పాఠకులు పంపిన పేర్లలోంచి వంద ఆటలు ఏరి, నలభై ఏళ్ల నాటి పాతవాటినీ నిన్నమొన్నటి కొత్తవాటినీ ఒకే వరసలో నిలబెట్టి మార్కులు వేయమన్నారు. ఆ పని ఆమెకు అప్పగించారు. ఇది బాగా కుదిరితే గేముల విభాగమంతా నీదేనని సంపాదకుడు మాట కూడా ఇచ్చాడు.

మృణాళిని మూడు నెలలు కూర్చుంది. బొమ్మకు ఇరవై, చప్పుడుకు ఇరవై, చేతికి లొంగే తీరుకు ఇరవై, కథకు ఇరవై, ఎంతకాలం ఆడించగలదన్నదానికి ఇరవై. ఏ కాలపు ఆటకైనా ఇదే తక్కెడ. పక్షపాతమన్నది లేని కొలత తయారుచేశానని లోలోపల గర్వంగానే ఉంది.

ఆ తక్కెడలో పడవలాటకు వందకు ముప్పై ఎనిమిది వచ్చాయి. వరసలో అన్నిటికంటే చివర నిలబడింది.

అదే ఆటకు బందరులో శరభయ్య మాస్టారు ఒకప్పుడు పదికి తొమ్మిదిన్నర వేశారు. మృణాళినికి సమీక్ష రాయడం నేర్పింది ఆ మాస్టారే.

జాబితా ఇవ్వడానికి ఇంకొక్క రోజు గడువుండగా ఆమె బందరు బస్సెక్కింది.

శరభయ్యగారిది మొదట టైపు ఇన్‌స్టిట్యూట్. లోయరూ హయ్యరూ టైపు పరీక్షలు కట్టేవాళ్లు తగ్గిపోయాక నాలుగు మిషన్లు మాత్రం ఉంచుకుని, మిగతా బల్లల మీద టీవీలు పెట్టి వీడియో గేముల షాపు చేశారు. గోడమీద నల్లబల్ల అలాగే ఉండిపోయింది. ఒకప్పుడు నిమిషానికి ఎవరెన్ని మాటలు కొట్టారో రాసే ఆ బల్ల మీద, ఏ ఆటకు పదికి ఎన్నో రాయడం మొదలుపెట్టారు. ఆటల అసలు పేర్లు ఎవరికీ నోరు తిరిగేవి కావు గనక పేర్లు కూడా ఆయనే పెట్టేవారు. నిచ్చెనలాట, కప్పలాట, పడవలాట. ఆ బల్లమీద అంకె పడిందంటే బందరులో ఇక దానికి అప్పీలు లేదు.

పదేళ్ల మృణాళిని ఒక రోజు ఆ బల్ల ముందు నిలబడి, "ఈ కార్లాటకి ఏడు తప్పు" అంది.

షాపంతా తిరిగి చూసింది. మాస్టారు ఆమె చేతిలో సుద్దముక్క పెట్టారు. "నువ్వెంత వేస్తావ్?"

"నాలుగు."

"ఎందుకు?"

ఆమె సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పింది. "ఎందుకో తెలిశాక రా" అన్నారాయన. మూడో రోజున ఒకటిన్నర పేజీ రాసుకుని వచ్చింది. ఆయన చదివి, ఏడు చెరిపి ఐదు చేశారు. ఆ తరవాత షాపు మూసేసేదాకా, కొత్త ఆట వచ్చిందంటే ఆమెకు కబురు వెళ్లేది.

అందుకే ఇప్పుడు ఆయన వేసిన మార్కును కొట్టేసి ఊరుకోలేకపోయింది. చెప్పకుండా అచ్చేస్తే దొంగతనంలా ఉంటుంది. చెబితే నొచ్చుకుంటారేమో.

ఆమె వెళ్లేసరికి బందరులో సన్నగా తుంపర పడుతోంది. షాపు మూతపడి ఇరవై ఏళ్లు కావస్తున్నా మాస్టారు పగలంతా ఆ కిందిగదిలోనే ఉంటారు. డెబ్భై నాలుగేళ్లొచ్చాయి. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. బల్లలన్నీ పోయి ఒక్క టీవీ మిగిలింది.

"తడిసొచ్చావు, తల తుడుచుకో" అన్నారు తువ్వాలు అందిస్తూ.

మృణాళిని తల తుడుచుకుని, సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, వందా ఒక్కొక్కటే చదువుకుంటూ చివరికొచ్చారు.

"దీన్ని ఎంతసేపు ఆడావ్?"

"నలభై నిమిషాలు మాస్టారూ. ఆఫీసు కంప్యూటర్లో."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ఆయన ఆమె రాసిన వివరం పైకి చదివారు. "ఒకటే దృశ్యం. ఒకటే పాట. ఒక పడవ, చిన్న వల. పదో నిమిషానికి విసుగు." తల ఊపారు. "సరిగ్గానే వేశావు."

కోప్పడతారనుకుని మృణాళిని దారిపొడుగునా సిద్ధం చేసుకున్న సమాధానాలేవీ పనికిరాలేదు.

"మరి మీ తొమ్మిదిన్నర?"

"అదీ సరిగ్గానే వేశాను."

"రెండూ ఎలా సరవుతాయి మాస్టారూ? ఎవరో ఒకరిది తప్పయి ఉండాలిగా?"

మాస్టారు మెల్లగా లేచి, బీరువా అడుగునుంచి అట్టపెట్టె తీశారు. పాత గేము మిషను, రెండు రిమోట్లు, పాలిథిన్ కవర్లో కట్టిన ఆటల క్యాసెట్లు. టీవీకి తీగ తగిలించి, ఒక క్యాసెట్ తీసి నోటితో ఉఫ్‌మని ఊది, గట్టిగా నొక్కారు. తెరమీద గీతలు కదిలి, బొమ్మ నిలిచింది.

నిచ్చెనలాట. ఒక చిన్న మనిషి మేడ మీదికి ఎక్కుతూ పోవాలి. పైనుంచి డొల్లుకుంటూ వచ్చే రాళ్లను తప్పించుకోవాలి.

"ఇలా కూర్చో" అని తన పక్క కుర్చీ చూపించి, రిమోటు పట్టుకుని ఆయన ఆడటం మొదలుపెట్టారు.

మృణాళిని కూర్చుంది. ఆయన వేళ్ల ముడతలు చూస్తే బటన్లు ఎలా నొక్కుతారా అనిపించింది గాని, ఆ వేళ్లకు అన్నీ గుర్తున్నాయి. మొదటి మేడ దాటారు. రెండోది దాటారు. ఆ పీపీమనే పాట వింటుంటే ఆమెకు పాత షాపు కళ్లకు కట్టింది. కిటికీలకు అడ్డంగా కట్టిన నీలం దుప్పట్లు, టైపు మిషన్ల నూనె వాసన, ఒక్క కుర్చీలో ఇద్దరిద్దరు. చాలా హాయిగా అనిపించింది.

పది నిమిషాలయ్యేసరికి ఆ హాయి పలచబడింది. ఫోను తీసి చూసుకుంది, మళ్లీ పెట్టేసింది.

"మాస్టారూ, నేనొకసారి ఆడనా?"

"నేను అవుటయ్యాక" అన్నారు తెరమీంచి చూపు తిప్పకుండా.

ఆయన అవుట్ కాలేదు. ఐదో మేడ. ఆరో మేడ. బయట తుంపర ఆగిపోయింది. తిరుగు బస్సుకి వేళవుతోంది. ఆమె కాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. ఏడో మేడ మీద రాయి ఒకటి మనిషి తలకు తగిలీ తగలకుండా పోయింది. 'అబ్బా, తగిలితే బాగుణ్ను' అనుకుంది మృణాళిని.

అనుకుని ఉలిక్కిపడింది. మాస్టారు ఓడిపోవాలని కోరుకోవడం ఏమిటి?

ఆయన పక్కకు తిరిగి ఆమె ముఖం చూశారు. ఏమనుకున్నదీ తెలిసినట్టే చిన్నగా నవ్వి, ఆట మధ్యలోనే ఆపేశారు. క్యాసెట్ తీసి ఇంకొకటి పెట్టారు. రెండో రిమోటు తీగ విప్పి, ఆమె చేతికిచ్చారు.

తెరమీద నీలం నీళ్లు. రెండు పడవలు. రెంటికీ మధ్య ఒకే వల.

చిన్నప్పుడు షాపులో కొత్త ఆటల మీదే ధ్యాసంతా, దీన్ని ముట్టుకోలేదు. ఆఫీసులో ఒక్కతే ఆడినప్పుడు ఈ ఉమ్మడి వల కనిపించనే లేదు. ఇద్దరు ఆడితేనే వస్తుందది. ఒక పడవ ముందుకు దూసుకుపోతే వల చినిగిపోతుంది. వెనకబడితే చేపలు పోతాయి. మొదటి మూడుసార్లూ మృణాళినే చింపేసింది.

"నా పడవ చూడు. చేప సంగతి తరవాత" అన్నారు మాస్టారు.

నాలుగోసారికి కుదిరింది. ఆయన కుడికి ఒరిగితే ఆమె కుడికి ఒరిగింది. సుడిగుండం వస్తే ఇద్దరూ ఒకేసారి ఊపిరి బిగబట్టారు. మాస్టారి పడవ రాతికి తగలబోతుంటే "ఎడమకి, ఎడమకి!" అని ఆమె కుర్చీలోంచి లేచిపోయింది. తప్పించుకున్నారు. ఇద్దరూ పకపకా నవ్వారు. మేడమీంచి మాస్టారి భార్య "ఏమిటర్రా ఆ గోల?" అని కేకేసింది.

మృణాళిని రిమోటు ఒళ్లో పెట్టుకుని, కాగితాలు దగ్గరికి లాక్కుంది.

"మార్చేస్తాను మాస్టారూ. మీరన్నట్టు తొమ్మిదిన్నరే. మొదటి పదింట్లో పెడతాను."

మాస్టారి ముఖంలో నవ్వు పోయింది. ఇందాక ముప్పై ఎనిమిది చూసినప్పుడు కూడా ఆయన అంత నొచ్చుకోలేదు.

"ఎందుకు?"

పదేళ్లప్పుడు ఆ బల్ల ముందు అడిగిన ప్రశ్నే.

"ఎక్కడో ఒక గదిలో ఒంటరిగా కూర్చుని, నీ మాట నమ్మి ఈ ఆట పెట్టుకునేవాడు ఒకడుంటాడు" అన్నారాయన. "వాడికి నీ ముప్పై ఎనిమిదే నిజం. నా మీద గౌరవంతో వాణ్ని మోసం చెయ్యకు."

"మరి మీ మార్కు?"

ఆయన అట్టపెట్టె అడుగునుంచి పొడుగాటి నోటుపుస్తకం తీశారు. నల్లబల్ల మీద రాసినవన్నీ అందులో ఎక్కించుకునేవారని మృణాళినికి ఇప్పటిదాకా తెలియదు. అంచులు పురుగు తిన్న ఆ పేజీల్లో ఆయన వేలుపెట్టి చూపించిన చోట ఇలా ఉంది:

'17-5-93. పడవలాట. 9½. ఇవాళ షాపులో ఎవరూ ఊరికే కూర్చోలేదు.'

మృణాళిని ఆ వాక్యం ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. తన కాగితాలు పక్కన పెట్టి చూసుకుంది. అంకెలున్నాయి, తేదీ ఒక్కటీ లేదు.

ఫోను మోగింది. సంపాదకుడు.

"జాబితా ఖాయమైనట్టేనా? సాయంత్రం లోపల పంపించెయ్యి."

"సాయంత్రానికి కాదండీ. వారం పడుతుంది. వందా ఒకే వరసలో ఉండవు."

"అదేమిటి? వరస లేకపోతే ఎవరు చదువుతారు? మార్కులు వేసేశానన్నావుగా?"

"మార్కులు వేశాను. తేదీలు వెయ్యలేదు. ఎప్పుడు, ఎవరితో ఆడితే అంతో రాయలేదు."

"నీకు కుదరకపోతే చెప్పు, ఇంకొకరికి ఇస్తాను. విభాగం సంగతి కూడా మళ్లీ ఆలోచించాల్సొస్తుంది."

"ఆలోచించండి" అంది మృణాళిని. ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఫోను పక్కన పెట్టేసరికి మాస్టారు టీవీ వైపే చూస్తున్నారు. ఆట ఆగలేదు. రెండు పడవలూ అలల మీద ఊగుతున్నాయి.

"మాస్టారూ, ఒక్క మాట. ఇవాళ మీరైతే దీనికి ఎంత వేస్తారు?"

"మార్కుల మాట తరవాత. నీ పడవ వెనకబడింది, పట్టు" అన్నారు శరభయ్యగారు.