అటక మీది నూకరాజు

ఆ కేక బట్టల కొట్ల వీధి చివర సోడా బండి దాకా వినపడింది. కేక అంటే కేక కాదు, పచ్చి బూతు. ఇక్కడ రాయదగ్గది కాదు గానీ, మీకు తెలియనిదీ కాదు. కొట్లో పరుపు మీద పెళ్ళిచీరలు చూస్తున్న తల్లి గబుక్కున కూతురి చేయి పట్టుకుని లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

చీరలు చూపిస్తున్న భ్రమరాంబ విప్పిన మడతల మధ్య మిగిలిపోయింది. కొట్లో చేరి నెల తిరగలేదు. "నీ పరుపు మీంచి ఇంకో బేరం లేచిపోతే రేపట్నుంచి రానక్కర్లేదు" అని షావుకారు అక్కడికక్కడే చెప్పేశాడు. బూతు తిట్టిందేమో అటక మీది నూకరాజు. పైనుంచి చీరల కట్టలు కిందికి వేయడం వాడి పని, వేసే ప్రతి కట్టతోనూ ఓ తిట్టు వేయడం వాడి అలవాటు. అలవాటేనా? భ్రమరాంబకు ఆ నమ్మకం లేదు. ఈ ఉద్యోగం వాడు తన మరదలికి అడిగాడని ఎవరో చెవిన వేశారు. అందుకే తన బేరాలు చెడగొడుతున్నాడని ఆవిడ అనుమానం.

కొట్లో అందరికీ అమ్మకం నేర్పిన పెద్దాయన పేరయ్యగారు. షావుకారుతో సహా అందరూ గురువుగారనే అంటారు. ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళి, "గురువుగారూ, ఇలాంటి నోళ్ళ మధ్య కూర్చుని అమ్మేదెలాగండీ? తిరిగి తిట్టనా, చెవులు మూసుకోనా, షావుకారుగారితో చెప్పనా?" అంది.

ఏదడిగినా చేతిలో చీర మడత పూర్తయితే గానీ పెదవి విప్పని మనిషాయన. మడత వేసి, అంచు నిమిరి, "వాణ్ణి నోరు మూసుకోమని నువ్వే చెప్పి చూడమ్మా" అన్నాడు.

చెప్పింది. "అలాగేనండీ" అన్నాడు నూకరాజు. అంతే! ఎదురు మాట లేదు, వెటకారం లేదు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే లోపల ఏదో పెట్టుకున్నాడనిపించింది ఆవిడకి. గురువుగారిదీ నూకరాజుదీ ఒకే ఊరన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఇద్దరూ కూడబలుక్కున్నారు కాబోలు!

మధ్యాహ్నం చిట్టెమ్మగారని ఒకావిడ మనవరాలి పెళ్ళికని బంధువులతో వచ్చి దిగింది. అనుమానం మనిషి. వేలు తడి చేసి రంగు రుద్దింది, జరీ గోటితో గీకింది, లైటు ఆర్పించి మరీ చూసింది. చివరికి ఉల్లిపొర రంగు అడిగింది.

"నూకరాజూ, ఉల్లిపొర పట్టు!" అని కేకేసి భ్రమరాంబ కూర్చుంది. పైనుంచి చప్పుడు లేదు. మరుక్షణం దబ్బున కట్ట వచ్చి చిట్టెమ్మగారి చేతిలోని మజ్జిగ గ్లాసు మీద పడింది. మజ్జిగంతా ఆవిడ ఒళ్ళోకి!

"ఓయమ్మో! చీరలమ్ముతున్నారా, చంపుతున్నారా?"

"కావాలనే వేశావు కదూ?" భ్రమరాంబ అటక వైపు అరిచింది.

నూకరాజు తల బయటపెట్టాడు. మొహం తెల్లబోయి ఉంది. "నోరు మూసుకోమన్నారు కదండీ! మీరు చేతులు చాపారనే అనుకున్నానండీ!"

"ఇన్నాళ్ళూ పైకి చూసి అందుకున్నావా అమ్మా?" అన్నాడు గురువుగారు నెమ్మదిగా.

చూసింది ఎప్పుడు? తిట్టు వినపడగానే చేతులు వాటంతటవే లేచేవి. వాడు ఏ రోజూ తన మొహం చూసి తిట్టలేదు. పైనుంచి వాడికి కనపడేది పాపిడి ఒక్కటే.

గురువుగారు నూకరాజును కిందికి దింపి, చిట్టెమ్మగారికి క్షమాపణ చెప్పించి, పొడి చీర ఇప్పించాడు. తర్వాత భ్రమరాంబ వైపు తిరిగాడు. "ఏమని పిలిస్తే చేతులు చాపుతావు?"

"మా తమ్ముళ్ళయితే అక్కా అంటారు," అంది ముక్తసరిగా.

నూకరాజు నిచ్చెనెక్కాడు. మొదటిసారి గొంతులోంచి పిల్లికూత లాంటిదేదో వచ్చింది. "సోడా బండి దాకా వినపడాలిరా!" అన్నాడు గురువుగారు. "అక్కా! ఇదిగో!" కట్ట వచ్చి సరిగ్గా చేతుల్లో పడింది.

చిట్టెమ్మగారు కళ్ళు చిట్లించింది. "ఇందాక నెత్తిన పడేశారు, ఇప్పుడు అక్కా చెల్లీ వరసలా? ఇంత మర్యాదగా ఉన్నారంటే ధరలో ఏదో కలిపే ఉంటారు."

ఆ అనుమానంతోనే సాయంత్రం దాకా బేరమాడి పెళ్ళిచీరలన్నీ అక్కడే తీసుకుంది. షావుకారు భ్రమరాంబ వంక చూసి తలూపాడు. రేపు రమ్మన్నట్టే.

అప్పటికి ఎవరి కడుపులోనూ మెతుకు లేదు. చిట్టెమ్మగారు తెచ్చుకున్న పులిహోర విప్పింది. "తినండర్రా, మందు పెట్టలేదులే!" అంది. కొట్టువాళ్ళు తమ క్యారేజీలు తెచ్చారు. పరుపు చుట్టేసి, విస్తళ్ళు పరిచి అందరూ వరసగా కూర్చున్నారు. నూకరాజు చివర్న ఒదిగి, ఖాళీ విస్తరి వంక చూస్తూ కూర్చున్నాడు.

గరిటె పట్టుకున్న భ్రమరాంబ గురువుగారి పక్కన ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "రేపు కూడా అక్కా అనే అంటాడంటారా? ఆ నోట్లోంచి పాతవి మళ్ళీ రావూ?"

గురువుగారు విస్తరి మీద నీళ్ళు చిలకరించుకుంటూ అన్నాడు. "ఖాళీ విస్తరి ముందు మనిషిని ఎంతసేపని కూర్చోబెడతావమ్మా? వడ్డించు."