గువ్వలదొనలో విశ్వాసుల రాజ్యం

గువ్వలకొండ మీద ఎండాకాలంలో నీళ్ళు దొరికే చోటు ఒక్కటే. రెండు పెద్ద బండల మధ్య లోతైన గుంట ఉంది. దాన్ని గువ్వలదొన అంటారు. మంద తప్పి కొండెక్కి అక్కడే ఉండిపోయిన పదకొండు గొర్రెలు, జకరయ్య అనే ముసలి గాడిద, దుప్పులు, నెమళ్ళు, ముళ్ళపందులు, కొండముచ్చులు అన్నీ ఆ నీళ్ళే తాగుతాయి. గొర్రెలూ జకరయ్యా యేసును నమ్మినవాళ్ళు. ఆదివారం పొద్దున్నే చదును బండ మీద మోకరించి పాటలు పాడుకునేవాళ్ళు. తక్కినవాళ్ళకు ఆ నమ్మకం లేదు.

కొండకు అడవిపంది పెద్దగా ఉన్నన్నాళ్ళూ ఆ పాట సజావుగా సాగలేదు. వినపడితే చాలు, కోరలు చాచి మీదికొచ్చేది. ఓసారి జకరయ్య వెనకకాలు చీల్చేసింది. అప్పట్నుంచీ అతను కుంటుతూనే నడుస్తున్నాడు. చివరికి ఆ పంది ఎవరినో తరుముతూ లోయలో పడి చచ్చింది. కొండకు పెద్ద లేకుండా పోయాడు.

ఆ వారమే ప్రార్థన కూడికలో ఓ నక్క లేచి నిలబడ్డాడు. యేడాది కిందటే సీలయ్య అని పేరు మార్చుకుని, వెనక వరుసలో కళ్ళు మూసుకు కూర్చునేవాడు.

“అందరికీ వందనాలండీ. ఇన్నాళ్ళూ తన్నులు తిన్నాం. ఇప్పుడు దేవుడే తలుపు తీశాడు. కొండను విశ్వాసుల రాజ్యం చేద్దాం. పెద్దగా జకరయ్యగారు ఉంటారు. రాతకోతలు, విచారణలు నేను చూసుకుంటాను.”

గొర్రెలు తలలూపాయి. మార్తమ్మ అనే ముసలి గొర్రె మాత్రం లేచింది.

“మనల్ని ఎవరూ తన్నకుండా చూసుకుందాం, సరే. పెద్దల్లో మనవాళ్ళూ ఉంటే మంచిదే. మరి రాజ్యమంతా మనదే కావడమేమిటి?”

“మార్తక్కా, నా కాలు చూశావా?” అన్నాడు జకరయ్య. “అధికారం మన చేతిలో ఉంటే ఇలా అయ్యేదా?”

“చూశాను తమ్ముడూ. ఆ పుండు మానేదాకా ఆకు నమిలి కట్టిన పోలక్క ఏ కూడికకూ రాదు. మీ రాజ్యంలో ఆమె ఎక్కడుంటుంది?”

పోలక్క అంటే చింతచెట్ల వైపు ఉండే దుప్పి. జకరయ్యకు బదులు నక్కే అందుకున్నాడు.

“ఆవిడా విశ్వాసి అవుతుందిలెండి. మనం చేసేది అందుకేగా!”

మర్నాడే చట్టం వచ్చింది. దొన నీళ్ళు విశ్వాసులకే. విశ్వాసి అనిపించుకోవాలంటే ఆదివారం మోకరించాలి. పైగా ఇద్దరు విశ్వాసులు సాక్ష్యం చెప్పాలి. దొనకు వెళ్ళే ఇరుకు దారిలో నక్క రెండు ఊరకుక్కల్ని కాపలా పెట్టాడు.

“సాక్ష్యం లేనివాడు ఎవడైనా సరే, లోపలికి రానివ్వకండి. ఎవడైనా సరే!” అని రెండుసార్లు చెప్పాడు.

ఆదివారానికి చదును బండ నిండిపోయింది. ముళ్ళపందులు ముళ్ళు ముడుచుకుని మోకరించాయి. కొండముచ్చులు రాని పాటకు నోళ్ళు కదిపాయి.

“చూశావా అక్కా, సంఘం ఎంత పెరిగిందో!” జకరయ్య కళ్ళు చెమర్చాయి.

“వాళ్ళు ఎటు చూస్తున్నారో చూడు” అంది మార్తమ్మ.

అతను చూశాడు. అందరి చూపూ దొన వైపే ఉంది.

పోలక్క మాత్రం రాలేదు. ఎంతో ఆశతో జకరయ్యే వెళ్ళి అడిగాడు.

“ఒక్కసారి మోకరించు పోలక్కా. నేను సాక్ష్యం చెబుతాను.”

“నమ్మని మాట నోటితో ఎలా అనను జకరయ్యా? మీ దేవుడికి అబద్ధం వినాలని ఉందా?”

చిగురాకుల తడితో నెట్టుకొస్తున్న ఆమె నాలుక ఎండిపోయి ఉంది. పక్కన పిల్ల లేవలేక పడుకుని ఉంది. జకరయ్య కుంటుకుంటూ తిరిగొచ్చాడు.

పదిరోజులు గడిచాయి. నక్క ఇంకో కబురు పెట్టాడు. గొర్రెల్లోనూ విశ్వాసం పలచబడ్డవాళ్ళు ఉన్నారట. వాళ్ళు ఒక్కొక్కరే తన బొరియకు వచ్చి మూడురోజులు ఉపవాసం ఉండాలట. మొదటి పేరు సుగుణమ్మది. గొర్రెలన్నిటిలోకీ బలిసినది ఆమే.

“నేనేం తప్పు చేశానక్కా?” సుగుణమ్మ మార్తమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“ప్రార్థనలో కునికావట. ఆయన రాశాడు” అంది పక్కనున్న గొర్రె.

మార్తమ్మ ఇంక ఆగలేదు. చింతచెట్ల కిందికి వెళ్ళి పోలక్కనీ పిల్లనీ లేపింది. వాళ్ళతో పాటు ఇరుకు దారి దగ్గరికి నడిచింది. గొర్రెలూ జకరయ్యా కొండముచ్చులూ ముళ్ళపందులూ భయపడుతూనే వెనక వచ్చాయి. కుక్కలు మొరిగాయి. నక్క పరుగున వచ్చాడు.

“మార్తమ్మగారూ, మీరు వెళ్ళొచ్చు. ఆవిడ వెళ్ళకూడదు.”

“ఆమె తాగకపోతే నేనూ తాగను.”

“అలాగైతే మిమ్మల్ని అవిశ్వాసుల్లో రాయాల్సొస్తుంది!”

“రాసుకో” అంది మార్తమ్మ. “పంది కోరలకు భయపడి యేసును వదల్లేదు, నీ నీళ్ళ కోసమూ వదలను. ఆయన ఏలుతున్నాడని చెప్పడానికి నీ కుక్కలు అక్కర్లేదు. తనను రాజును చేస్తామని జనం వెంటపడితే ఆయన తప్పించుకుని కొండెక్కాడు. ఆయన వద్దన్నది నువ్వు ఆయన పేరుతోనే పట్టుకుని కూర్చున్నావు. కొట్టెయ్ నా పేరు!”

చెప్పి పోలక్క పక్కకు వెళ్ళి నిలబడింది.

“నాదీ కొట్టెయ్” అంది సుగుణమ్మ. వచ్చి మార్తమ్మ పక్కన నిలబడింది.

తక్కిన గొర్రెలు ఒకటొకటిగా ఇటు వచ్చేశాయి. కొండముచ్చులూ ముళ్ళపందులూ హాయిగా ఊపిరి పీల్చుకుని వెనకే వచ్చాయి. నక్క జకరయ్య వైపు తిరిగాడు.

“మీరు చెప్పండి, కొండకు పెద్ద మీరు!”

జకరయ్య తన కాలు వంక చూసుకున్నాడు.

“నన్ను కుమ్మినప్పుడు అడవిపంది ఎంత గట్టిగా నవ్విందో ఇంకా చెవుల్లోనే ఉంది, సీలయ్యా. ఈ పిల్ల దాహంతో పడి ఉంటే నేను దాన్ని దాటి వెళ్ళి నీళ్ళు తాగాను. పదిరోజులు తాగాను. నా పేరూ తీసెయ్.”

అతను కూడా ఇటు వచ్చి నిలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చింది.

“అలాగే ఎండిపోండి! నేను తాగుతాను” అని నక్క దారిలోకి అడుగు వేశాడు.

“ఏమయ్యా కాపలావాళ్ళూ,” మార్తమ్మ నింపాదిగా అడిగింది, “సీలయ్యకు సాక్ష్యం ఎవరు చెప్పారు?”

కుక్కలు మొహమొహాలు చూసుకున్నాయి.

“ఇన్నాళ్ళూ మాకు తట్టనే లేదు, ఎవరూ చెప్పలేదే!” అంది పెద్ద కుక్క.

“నేను అధికారినిరా!”

“ఎవడైనా సరే అన్నారు గదండీ. రెండుసార్లు అన్నారు.”

నక్క వెనక్కి తిరిగాడు. “జకరయ్యగారూ, నేను విశ్వాసినని ఒక్క మాట చెప్పండి!”

“చెప్పేవాణ్ణే. కానీ ఇప్పుడు మేమంతా నీ పట్టీలో అవిశ్వాసులం. మా మాట చెల్లదు గదా!”

కుక్కలు పళ్ళు బయటపెట్టాయి. నక్క తోక ముడిచి కొండవాలు మీదుగా దిగి పారిపోయాడు. కుక్కలు మొరుగుతూ తరిమాయి. దారి ఖాళీ అయింది. ముందు పోలక్క పిల్ల తాగింది. దాని గుటకల చప్పుడు అందరికీ వినపడింది.

తరువాత కొండకు అయిదుగురు పెద్దల్ని పెట్టుకున్నారు. వాళ్ళలో మార్తమ్మ ఉంది, పోలక్క కూడా ఉంది. ఆదివారం చదును బండ మీద మళ్ళీ పదకొండు గొర్రెలూ ఓ గాడిదా మిగిలారు. మూడో వారం ఓ కొండముచ్చు తనంతట తానే వచ్చి చివర కూర్చుంది. ఎందుకొచ్చావని దాన్ని ఎవరూ అడగలేదు.

నక్క అవతలి లోయలో ఎండిన వాగు ఇసుక తవ్వుకుంటూ ఆ వేసవి గడిపాడు. ఇద్దరు సాక్షులు దొరుకుతారేమోనని దారిన పోయే ప్రతివాణ్ణీ అడిగేవాడు. ఒక్కరూ ఆగలేదు.

నీతి: దేవుడి పేరుతో నీళ్ళకు కాపలా పెడితే మోకాళ్ళు వంగుతాయి గానీ, మనసులు వంగవు.