అసిరమ్మ పక్క

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలు ఇంకా చంకల్లో ఉన్న రోజుల్లో, ఒక కొండ కింద పెద్ద గడ్డిబీడు ఉండేది. ఊఁ కొట్టండర్రా. ఊఁ కొట్టకపోతే నాకు మాట సాగదు. ఆ బీడుకి మూడు పక్కలా మూడు ఊళ్ళు. దిగువూరు, నడిమూరు, ఎగువూరు. నాలుగో పక్క కొండ. ఆ గడ్డి మనిషెత్తు పెరిగేది. మూడు ఊళ్ళ ఇళ్ళ మీదా ఆ గడ్డే కప్పు.

కప్పుకి కావల్సింది కోసుకున్నాక మిగిలిన గడ్డినీ పొదల్నీ ఏటా కాల్చేసేవారు. ఎలా కాల్చేవారంటే, నాలుగు పక్కలా మనుషులు నిలబడి, డప్పు మోగగానే ఒకేసారి నిప్పు పెట్టేవారు. నాలుగు మంటలూ నడిమధ్యన కలిస్తే ఆ ఏడు వాన నిండుగా పడుతుందని వాళ్ళ నమ్మకం. కలవకపోతే మబ్బు మొహం తిప్పుకుని పోతుందట. మరి ఆ గడ్డిలో ఉన్న కుందేళ్ళు, తాబేళ్ళు, పూరేడు పిట్టలు, వాటి పిల్లలు? నాలుగు పక్కలా నిప్పు. పోడానికి దారి లేదు.

బీడు అంచున గవరయ్య తాత పాక ఉండేది. పసర్లు నూరి పశువులకి వైద్యం చేసేవాడు. మంట చల్లారేక బూడిదలో తిరిగి, కొన ఊపిరితో ఉన్న జీవాల్ని గంపలో వేసుకొచ్చి వాటికీ కట్లు కట్టేవాడు. ఇప్పటి మాటలో చెప్పాలంటే అది అడవి జీవాల ఆసుపత్రి. అప్పటివాళ్ళు మాత్రం పిచ్చోడి పాక అనేవారు.

ఆ పాకలో ఊడ్చి, నీళ్ళు మోసి, ఆకులు నూరే మనిషి అసిరమ్మ. మొగుడు పోయేడు, పిల్లల్లేరు, ముందూ వెనకా ఎవరూ లేరు. కానీ నోరు మంచిది. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయేది. ఒకనాడు తాత చేతిలోనే మూడో కుందేలు చచ్చిపోయింది. ఆయన చేతులు కడుక్కొచ్చి కూలబడ్డాడు.

"అసిరమ్మా, నా మందు కాలిపోయిన తరవాత పెట్టేది. అసలు కాలకుండా ఉండాలంటే ఎవరో ఒకరు ఊళ్ళోకెళ్ళి చెప్పాలి. నాకు మాట చేతకాదు. నువ్వెళ్ళు తల్లీ" అన్నాడు.

అదీ ఆమె ఉద్యోగం. ఊరూరా తిరిగి చెప్పడం.

మొదటి ఏడు దిగువూరు వెళ్ళింది. గంపలో కట్లు కట్టిన కుందేలు. నూతి దగ్గర దించి, దాని కాలిన అరికాళ్ళు అందరికీ చూపించి, ఒక పక్క నిప్పు పెట్టకుండా వదిలెయ్యమని బతిమాలింది. "ఒక్క పక్క ఒగ్గేయండి నాన్నా, అవి పోతాయి" అంది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆమెకి గంజి పోసేరు, కుందేలుకి ఆకులు పెట్టేరు. ఆమె ఎగురుకుంటూ పాకకొచ్చి, విన్నారు తాతా అని చెప్పింది. వారం తిరక్కుండా డప్పు మోగింది. నాలుగు పక్కలా నిప్పు. పోడానికి దారి లేదు. ఆ కళ్ళొత్తుకున్నవాళ్ళే పిల్లల్ని ఎత్తుకుని మంట చూడ్డానికి వచ్చేరు. ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో ఏడు నడిమూరు వెళ్ళింది. గంపలో డిప్ప మాడిన తాబేలు. "ఒక్క పక్క ఒగ్గేయండి నాన్నా, అవి పోతాయి" అంది. కుర్రాళ్ళు ఆ తాబేలు కూరకి పనికొస్తుందా అని అడిగి నవ్వేరు. ఆమె కూడా నవ్వేసి, మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. సాయంత్రం దాకా చెప్పింది. డప్పు మోగింది. నాలుగు పక్కలా నిప్పు. పోడానికి దారి లేదు.

మూడో ఏడు ఎగువూరు వెళ్ళింది. గంపలో ఈకలన్నీ కాలిపోయిన నెమలి. కొండ పక్క నిప్పు పెట్టే హక్కు ఎగువూరి పెద్ద సింహాద్రి నాయుడిది. ఆయన గుమ్మం ముందు మూడు రోజులు కూర్చుంది. మూడో రోజున ఆయన బయటికొచ్చి, "మంటలు కలవక వాన రాకపోతే నువ్వు తెస్తావా?" అని అడిగేడు.

"తేలేను బాబూ. రాకపోతే వచ్చే ఏడు నన్ను ఆ బీడు మధ్యన కట్టేసి నిప్పెట్టండి" అంది అసిరమ్మ.

నాయుడు వంగి ఆ నెమలి వంక చూసేడు. సరే, కొండ పక్క ఒగ్గేస్తానన్నాడు.

ఆమె సంతోషం పట్టలేకపోయింది. పాకకి తిన్నగా పోకూడదూ? మూడు ఊళ్ళూ తిరిగింది. కనబడ్డవాళ్ళకల్లా చెప్పింది. ఈ ఏడు కొండ పక్క నిప్పు లేదమ్మా, కుందేళ్ళూ పిట్టలూ దుప్పి పిల్లలూ అన్నీ అటే పోతాయి, చూద్దురుగాని రండి అని పిలిచింది. మంచి మాట దాచడం ఎందుకనుకుంది పిచ్చితల్లి.

డప్పు మోగింది. మూడు పక్కలా నిప్పు. నాలుగో పక్క దారి. జీవాలన్నీ ఆ దారి పట్టేయి. ఆ దారిలో మూడు ఊళ్ళవాళ్ళూ నిలబడి ఉన్నారు. దిగువూరివాళ్ళు కర్రలతో, నడిమూరివాళ్ళు వలలతో, ఎగువూరివాళ్ళు గొడ్డళ్ళతో.

అసిరమ్మ వాళ్ళ మధ్యన పడి పరిగెత్తింది. ఈ చెయ్యీ ఆ చెయ్యీ పట్టుకుని లాగింది. ఒకడు విసుక్కోకుండానే అన్నాడు. "నువ్వే కదమ్మా చెప్పేవు, అన్నీ ఇటే వస్తాయని." అని, ఆమె వాటా అంటూ రెండు కుందేళ్ళు తెచ్చి ఆమె గంపలో వేసేడు. వాడికి ఆమె మీద కోపం లేదు. మేలు చేసిందనే అనుకున్నాడు.

ఆ సాయంత్రం గవరయ్య తాత బూడిదంతా గాలించేడు. ఏటా నాలుగైనా ఊపిరితో దొరికేవి. ఆ ఏడు కట్టు కట్టడానికి ఒక్కటి లేదు. అసిరమ్మ ఆ రెండు కుందేళ్ళనీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నేనే చెప్పేను తాతా. నా నోటితో నేనే చెప్పేను" అంది. అంతే, ఆమె మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదు.

వాన సంగతి అడగరేం? వచ్చింది. ఎప్పట్లాగే వచ్చింది. మంటలు కలవలేదని మబ్బుకి తెలియనే తెలీదు.

వాన తప్పలేదు కనక మరుసటి ఏడూ నాయుడు కొండ పక్క ఒగ్గేసేడు. మగాళ్ళందరూ కర్రలు, వలలు, గొడ్డళ్ళు పట్టుకుని పొద్దున్నే వచ్చేరు. వాళ్ళకంటే ముందే అసిరమ్మ వచ్చి ఆ దారికి అడ్డంగా కూర్చునుంది. మనిషి చిక్కిపోయి ఎముకలే మిగిలేయి. తిట్టలేదు, బతిమాల్లేదు. వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంది. మూడేళ్ళు వాగిన మనిషి మాట్లాడకుండా చూస్తుంటే ఎలా ఉంటుంది? ముందు ఆ కుందేళ్ళిచ్చినవాడు కర్ర కింద పెట్టేడు. తర్వాత ఇంకొకడు. చివరికి అందరూ చేతిలోవి కింద పెట్టి, దారి పక్కకి జరిగి కూర్చున్నారు. అప్పుడు ఆమె కూడా లేచి, దారి వదిలి, ఓ పక్కన కూర్చుంది.

డప్పు మోగింది. మూడు పక్కలా నిప్పు. నాలుగో పక్క దారి. అందరూ ఎదురుచూసేరు. మంట మధ్యకొచ్చింది. మంట ఆరింది. బూడిద చల్లారింది. కుందేలు రాలేదు, తాబేలు రాలేదు, ఒక్క పూరేడు పిట్ట రాలేదు. రావడానికి బీడులో ఏమీ మిగల్లేదు.

ఒక్కొక్కరే లేచి ఇళ్ళకి పోయేరు. అసిరమ్మ లేవలేదు. గవరయ్య తాత వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్ళు చల్లగా ఉంది.

అందుకే ఈ మూడు ఊళ్ళలో ఇప్పటికీ బీడు కాల్చేముందు "అసిరమ్మ పక్క ఒగ్గేసేరా?" అని అడుగుతారు. ఒగ్గేసేం అని పెద్దవాళ్ళు చెబితేగానీ డప్పు మోగదు. అటువైపు చేతిలో పుల్ల కూడా లేకుండా కూర్చుని, బూడిద చల్లారేదాకా ఎవరూ కదలరు, మాట్లాడరు. నాకు ఎనభై దాటేయి. ఊహ తెలిసినప్పట్నుంచీ ఏటా వెళ్ళి కూర్చుంటున్నాను. మా అమ్మ కూర్చుంది, మా అమ్మమ్మ కూర్చుంది. ఇంతవరకూ ఏదీ బయటికి రాలేదు.