పైడమ్మ బుర్రలో దారులు

"ఊరందరి తెలివీ ఒకెత్తు, మా ఇంటి తెలివి ఒకెత్తు" అని గవరయ్య మీసం దువ్వేవాడు. నిజమేనని పెళ్ళాం నూకాలు, తమ్ముడు అప్పలకొండ తలలూపేవారు. అలాంటి ఇంట్లో కూతురు పైడమ్మ ఇంగ్లీషు పరీక్ష తప్పింది! ఈసారీ తప్పితే మళ్ళీ ఆరో తరగతే.

బళ్ళో సుగుణ టీచరు చెప్పింది. "పాఠం రోజూ నోట్లో నానాలండీ."

ఇంకేముంది! నూకాలు పుస్తకంలోంచి పాఠం చింపి, ఉండ చుట్టి, కూతురి నోట్లో కుక్కింది.

"నానిందా?"

"ఊఁ... వ్వ... ఊఁ..."

"చూశారా, అప్పుడే ఇంగ్లీషొచ్చేసింది!" అని అప్పలకొండ చప్పట్లు కొట్టాడు.

సంగతి విని టీచరు తల పట్టుకుంది. "అయ్యో, కాస్త బుర్రకు పని చెప్పండి!"

అంతే. గవరయ్య కూతురిని పీట మీద కూర్చోబెట్టి, నడినెత్తి మీదకు వంగి అరిచాడు. "ఒసే బుర్రా, గేదెకు కుడితి పెట్టిరా!"

బుర్ర కదల్లేదు. పైడమ్మే లేవబోతే రెక్క పట్టి కూలేశాడు. "నీక్కాదే, దానికి చెప్పాను!" ఆ పూట గేదె పస్తు.

అది సోమరి బుర్రేనని తేల్చి పట్నం డాక్టరుకు చూపించారు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. "కొత్తది నేర్చుకుంటుంటే మెదడులో కొత్త దారులు పడతాయి. వాటిమీద మళ్ళీ మళ్ళీ తిరిగితేనే గట్టిపడతాయి."

ఇంకేముంది, మంగలి వచ్చాడు. పైడమ్మ జుట్టులో ఈ చెవి నుంచి ఆ చెవిదాకా దారి గొరిగాడు.

"మరి తిరిగేదెవరు?" అంది నూకాలు.

"మన కాళ్ళు పట్టవు వదినా. చీమలైతే సరి" అని అప్పలకొండ దారి పొడుగునా బెల్లంపాకం పూశాడు.

చీమలు బారులు తీరాయి. పైడమ్మ కెవ్వుమని బడికి పరుగు తీసింది. వెనకే ముగ్గురూ. "ఆగవే, దారింకా గట్టిపడలేదు!"

టీచరు పిల్ల తల కడిగి, వాళ్ళమీద మండిపడింది. "మీ తెలివి చాలు! ఇకనైనా దాన్ని దాని మానాన వదిలేయండి!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఈ మానాన అనే ఊరెక్కడుందో?" అన్నాడు గవరయ్య.

"ముందు మనం చూసొద్దాం. తెలియని ఊళ్ళో పిల్లనెలా వదిలేస్తాం?" అంది నూకాలు. ఎంతైనా తల్లి కదా!

అంతే. పిల్లను టీచరింట ఉంచి బస్సెక్కారు. కనబడిన కండక్టరునల్లా అడిగారు. మానాన దొరకలేదు.

ఈలోగా పైడమ్మ టీచరుతో ఇంగ్లీషులో కబుర్లు చెప్పింది. తప్పులు మాట్లాడింది, నవ్వింది, దిద్దుకుంది, కడుపునిండా తిని నిద్రపోయింది. పరీక్ష పాసైంది.

తిరిగొచ్చి ఆ మాట విన్న గవరయ్యకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "మానాన వెళ్ళకుండానే పాసైందే! వెళ్తేనా, కలెక్టరే!"

ఇంకేముంది! పిల్ల బట్టలు సర్ది, చెయ్యి పట్టుకుని బరబరా బస్టాండుకు లాక్కెళ్ళారు.