తాడు కన్నం చుట్టూ చోటు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరికీ చదువంటే ఒళ్ళు బద్ధకం, ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే. చిన్నవాడు నీలాంగుడు మాత్రం ఏదైనా తన కళ్ళతో చూస్తేగాని నమ్మడు.

ఒకనాడు కొండ మీది ముసలి మాంత్రికుడు కరాళుడు తాటాకు మీద లేఖ రాసి పంపాడు. "నీ రాజ్యం నాది. కాదంటే నా ప్రాణం తియ్యండి. అది ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది!"

ఘంటంతో గీసిన అక్షరాలు మసి పూస్తేగాని సరిగ్గా కనబడవు. కొలువులోని లేఖకుడికి అంత ఓపికేదీ? ఆకును ఎండకు పట్టి గడగడా చదివేశాడు. పెద్దవాడు విన్నాడు, ఓడెక్కాడు, ఏడో సముద్రంలో కరాళుడి మంత్రం తగిలి రాయైపోయాడు. రెండోవాడూ విన్నాడు, ఓడెక్కాడు, రాయైపోయాడు. రాజు అన్నం మానేశాడు.

నీలాంగుడు ఓడెక్కలేదు. ఆ ఆకు పట్టుకుని లేఖకుడి కూతురు చంపకవల్లి దగ్గరికెళ్ళాడు. ఆమె మసి పూసి, తుడిచి చూసింది.

"యువరాజా, ఆకులు గుచ్చే ఈ తాడు కన్నం చుట్టూ, తాడు ఒరిసి అక్షరాలు చెరగకుండా, ఎవరైనా కాస్త చోటు వదులుతారు. ఈయన అక్కడా అక్షరాలు కుక్కాడు. వేలెడు చోటు వదలలేనివాడు ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల వదులుతాడా? ఒళ్ళోనే పెట్టుకునుంటాడు."

"మరి అక్షరాల్లో ఈ వణుకేమిటి?"

"భయం. పాపం, ఎవర్నీ నమ్మలేడు."

నీలాంగుడు కొండెక్కాడు. దారిలో కరాళుడి సంగతి అడిగితే ఒక ఉడుత అంది: "ఆయనా? ఒక్కడే ఉంటాడు. తలకింది బుట్టతో కబుర్లాడుతుంటాడు."

మాంత్రికుడు మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు. నీలాంగుడు మెల్లగా బుట్ట లాగాడు. అందులో చిలక! మాంత్రికుడు ఉలిక్కిపడి లేచాడు.

"పిసకకు బాబూ!"

"మా అన్నల్ని ఇచ్చెయ్."

"ఇచ్చాక పిసికేస్తావుగా?"

ఆ మాటకు నీలాంగుడి మనసు చివుక్కుమంది. ఏమనుకున్నాడో, చిలకను తిరిగి ముసలాయన చేతిలోనే పెట్టేశాడు. "ఇప్పుడు ఇస్తావా?"

అన్నల ప్రాణాలు ఆ చేతిలో ఉన్నాయర్రా! మాంత్రికుడు చిలకను చూశాడు, పిల్లవాణ్ణి చూశాడు, భోరున ఏడ్చాడు. ఏడుస్తూనే మంత్రం విప్పాడు. ఏడో సముద్రంలో రెండు రాళ్ళు మనుషులై ఈత కొట్టాయి.

నీలాంగుడికీ చంపకవల్లికీ పెళ్ళి కుదిరింది. వాళ్ళు అరవై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. అన్నట్టు, ఆ పెళ్ళి శుభలేఖ తానే రాస్తానని మాంత్రికుడు పట్టుబట్టాడు. చంపకవల్లి మసి పూసి చూసింది. తాడు కన్నం చుట్టూ బోలెడంత చోటుంది.